అద్దంలో నలుసు

కొరియర్ కుర్రాడు ఇచ్చి వెళ్ళిన పెట్టె అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. లోపల మఖమల్ గుడ్డ, దాని గుంటలో గుండ్రటి ప్లాస్టిక్ డొప్ప, డొప్పలో వెండి నాణెం. బుక్ చేసిన ఎనిమిది నెలలకు వచ్చింది. ఏ దేశపు టంకశాలది అన్నది ఇక్కడ అనవసరం. నేను చెప్పబోయేది ఏ టంకశాలకైనా వర్తిస్తుంది. గదిలో మిగతా లైట్లు ఆర్పేసి, టేబుల్ లైటు ఒక్కటే ఉంచి, డొప్పను నెమ్మదిగా అటూ ఇటూ వంచి చూశాను. బొమ్మ పాలనురుగులా తెల్లగా ఉంది. దాని చుట్టూ ఉన్న ఖాళీ జాగా రాత్రిపూట చెరువు నీళ్ళలా నల్లగా, కదలకుండా ఉంది. ఆ నల్లదనం మీద, అంచుకు దగ్గరగా, ఒక వెలుగు గీత. కనురెప్ప వెంట్రుకలో సగం పొడవు ఉంటుందేమో, కొంచెం వంకర తిరిగి ఉంది. డొప్ప మీద పడ్డ పోగనుకుని ఊదాను. కదల్లేదు. డొప్ప తుడిచాను. అయినా అక్కడే ఉంది.

కొత్త వస్తువులో మచ్చ కనిపిస్తే కలిగే బాధ అందరికీ తెలిసిందే. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. పొద్దున్నే మా వీధి చివర బంగారం పని చేసే ఆచారి గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన డొప్ప తెరవనివ్వలేదు. కంటికి భూతద్దం బిగించి, కిటికీ వైపు తిరిగి, చాలాసేపు చూశారు.

"దీన్ని ఎవరూ గీకలేదు బాబూ," అన్నారు. "గీకితే వెండి పక్కలకు లేస్తుంది. పొలంలో నాగలి చాలుకి రెండు పక్కలా గట్టు లేచినట్టు. దీనికి గట్టు లేదు. గుంట ఉంది, గుంట అడుగు నున్నగా ఉంది. అచ్చు పడేటప్పుడు మధ్యలో ఏదో ఉండిపోయింది. నూలుపోగు అయ్యుంటుంది."

"అంటే ఇలాగే పుట్టిందంటారా?"

"ఇలాగే పుట్టింది. దెబ్బ తగిలింది కాదు."

ఆయన రెండు మాటల్లో తేల్చిన విషయమే ఈ అధ్యాయం. ప్రూఫ్ నాణెం మీద కనిపించే ప్రతి మచ్చకూ ఒక పుట్టిన వేళ ఉంటుంది. అచ్చు చెక్కిన రోజున పుట్టినది, బిళ్ళను కడిగిన నీళ్ళలో పుట్టినది, దెబ్బ పడిన క్షణాన పుట్టినది, పెట్టెలో పెట్టాక పుట్టినది, కొన్నవాడి చేతుల్లో పుట్టినది. దేని రూపం దానిదే. కొనేవాళ్ళకు ఆ వేళను చదవడం వస్తే, తప్పు ఎవరిదో తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, తమ చేత్తో ఇంకో తప్పు చేయకుండా ఆగగలుగుతారు.

ముందు ప్రూఫ్ అనే మాట సంగతి చూద్దాం. కొత్తగా మెరుస్తున్న నాణేన్నల్లా ప్రూఫ్ అనుకునేవాళ్ళు చాలామంది. ప్రూఫ్ అనేది నాణెం ఎంత బాగుందో చెప్పే మాట కాదు, ఎలా తయారైందో చెప్పే మాట. పుస్తకం అచ్చుకు వెళ్ళేముందు ప్రూఫులు తీసి చూసినట్టే, కొత్త అచ్చు సరిగ్గా పడుతోందా లేదా అని టంకశాలలో శ్రద్ధగా ఒకటి రెండు నాణేలు కొట్టి చూసుకునేవారు. ఆ నమూనాల అందం చూసి జనం కావాలన్నారు. అమెరికా టంకశాల 1858 నుంచి వాటిని సేకర్తలకు అమ్మడం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. ఇవాళ ప్రూఫ్ నాణెం చెల్లుబాటు కోసం కాక చూసుకోవడం కోసమే తయారవుతుంది. చూపే దాని ఉద్యోగం. అందుకే మామూలు రూపాయి బిళ్ళ మీద ఎవరికీ పట్టని గీత, దీని మీద నేరమైపోతుంది.

తయారీ ఇలా సాగుతుంది. గట్టి ఉక్కుతో చేసిన అచ్చు మీద బొమ్మ గుంటగానూ చుట్టూ ఉన్న జాగా చదునుగానూ ఉంటుంది. ఆ చదును జాగాను వజ్రపు పొడి కలిపిన ముద్దతో, ముందు ముతక పొడి, తర్వాత సన్నపొడి, ఆ తర్వాత ఇంకా సన్నపొడి వాడి, అద్దమయ్యేదాకా మెరుగు పెడతారు. బొమ్మ భాగాన్ని మాత్రం గరుకుగా ఉంచుతారు. ఒకప్పుడు ఆమ్లంతో, తర్వాత సన్నటి ఇసుక చిమ్మి ఆ గరుకు తెప్పించేవారు. ఇప్పుడు చాలాచోట్ల లేజరుతో చేస్తున్నారు. అచ్చు అరగకుండా పైన పలచగా క్రోమియం పూత పూస్తారు. అచ్చుతో పాటు బిళ్ళకూ మెరుగు పెడతారు. మామూలు నాణేలు కొట్టే యంత్రం నిమిషానికి 750 దాకా కొట్టి పోస్తుంది, అవి జలజలా తొట్టిలో రాలతాయి. ప్రూఫ్ బిళ్ళను మాత్రం ఒక్కొక్కటిగా అచ్చులో పెట్టి, కనీసం రెండు దెబ్బలు కొట్టి, ఒక్కొక్కటిగా బయటకు తీస్తారు. పెద్ద వెండి నాణెమైతే ఒక్కో దెబ్బ బలం వంద టన్నులు దాటుతుంది. ఆ ఒత్తిడికి వెండి చిక్కటి పిండిలా కదిలి అచ్చులోని ప్రతి మూలకూ పారుతుంది. అచ్చులో ఉన్నదల్లా నాణెం మీదికి ఎక్కుతుంది. ఉండకూడనిది ఉన్నా ఎక్కుతుంది.

మెరుగు పెట్టడమంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. అది గీతలు చెరిపేసే పని అనుకుంటాం. నిజానికి అది గీతలు గీసే పనే. పెద్ద గీతల మీద చిన్న గీతలు, వాటి మీద మరీ చిన్న గీతలు గీస్తూ పోతాం. కాంతి తరంగం పొడవు కన్నా గీత లోతు బాగా తగ్గిపోయేసరికి కాంతికి ఆ ఎగుడుదిగుళ్ళు తెలియడం మానేస్తాయి. మన కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటి నానోమీటరు. ఉపరితలం అంతకన్నా బాగా నునుపైతే, పడిన కాంతి అంతా ఒకే దిశలో తిరిగి పోతుంది. అదే అద్దం. గరుకుగా ఉంటే నాలుగు దిక్కులకూ చెదురుతుంది. అదే ఆ పాలనురుగు తెలుపు. అద్దమూ నురుగూ రెండూ ఒకే వెండి. తేడా అంతా నునుపులో ఉంది.

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది మన కన్ను. జానెడు దూరంలో ఉన్న రెండు చుక్కల మధ్య ఎడం 70 మైక్రాన్ల కన్నా తక్కువైతే మన కన్ను వాటిని విడదీసి చూడలేదు. తల వెంట్రుక లావు దాదాపు అంతే. మరి ఒకటి రెండు మైక్రాన్ల వెడల్పున్న గీత ప్రూఫ్ నాణెం మీద ఎలా కనిపిస్తోంది? పెంకుటింట్లో కప్పు సందులోంచి ఎండ పడేటప్పుడు ఆ వెలుగు కడ్డీలో దుమ్ము కణాలు ఎగరడం చూశారుగా. ఆ కణాలు మామూలప్పుడూ అక్కడే ఉంటాయి, కనిపించవు. వెనక చీకటి ఉండి, పక్కనుంచి వెలుగు పడితే మెరుస్తాయి. వాటి పరిమాణం మన కంటికి అందదు, అవి చిమ్మే కాంతి అందుతుంది. పగలు కనిపించని నక్షత్రాలు రాత్రి కనిపించినట్టే. ప్రూఫ్ నాణేన్ని కొంచెం వంచితే, లైటు నుంచి వచ్చిన కాంతి అద్దం మీద పడి మన కంటికి రాకుండా ఇంకో దిక్కుకు పోతుంది. ఆ జాగా నల్లబడుతుంది. గీత మాత్రం కాంతిని అన్ని వైపులకూ చిమ్ముతుంది కాబట్టి ఆ నలుపులో నక్షత్రంలా వెలుగుతుంది. సూక్ష్మదర్శినిలో కావాలని చేసే ఏర్పాటు ఇది, చీకటి నేపథ్యం మీద వస్తువును వెలిగించి చూడటం. ప్రూఫ్ నాణెం ఆ ఏర్పాటును పుట్టుకతోనే తెచ్చుకుంది. ఎంత బాగా మెరుగు పెడితే దానిలోని చిన్న లోపం అంత బాగా కనిపిస్తుంది.

ఇప్పుడు మచ్చల దగ్గరికి వద్దాం.

అచ్చుకు మెరుగు పెట్టేటప్పుడు మిగిలిపోయిన గీతలు అచ్చు మీద గుంటలు. కాబట్టి నాణెం మీద అవి ఉబ్బుగా పడతాయి. పైగా ఆ గీతలు చదును జాగాలోనే ఉంటాయి, బొమ్మ అంచు దాకా వచ్చి ఆగిపోతాయి. అచ్చులో బొమ్మ గుంటలో ఉంటుంది కాబట్టి మెరుగు పెట్టే పరికరం అక్కడికి దిగదు. నాణెం బయటికొచ్చాక గుడ్డ రాసుకునో వేలు తగిలో పడ్డ గీతల కథ వేరు. అవి గుంటగా ఉంటాయి. జాగా మీదుగా వచ్చి బొమ్మ మీదికి ఎక్కి అవతలికి దిగుతాయి, ఎందుకంటే గుడ్డకు బొమ్మని ఆగడం తెలియదు. మొదటి రకం గీతలు అదే అచ్చుతో కొట్టిన మరో నాణెం మీద కూడా అదే చోట ఉంటాయి. రెండో రకం ఒక్కదానికే ప్రత్యేకం. ఇంత తేడా ఉన్నా, కొన్నవాళ్ళు చాలామంది రెండిటినీ కలిపి గీతలు అనేసి ఊరుకుంటారు. ఒకటి పనివాడి చేతి జాడ, ఇంకొకటి దెబ్బ. రెంటికీ ఒకే శిక్ష వేయడం నాకు న్యాయంగా తోచదు.

నాణేలకు అంకెలు వేసే సంస్థలు కూడా ఈ తేడాను పట్టించుకుంటాయి. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో పాత రాగి సెంట్ల కోసం 70 దాకా సాగే ఒక కొలబద్ద తయారుచేశాడు. 1980ల్లో వచ్చిన గ్రేడింగ్ సంస్థలు దాన్ని నాణేలన్నిటికీ వాడటం మొదలుపెట్టాయి. వాటిలో ఎన్.జి.సి. లెక్కలో 70 రావాలంటే 5 రెట్లు పెద్దది చేసి చూసినా, తయారీ తర్వాత వచ్చిన లోపమేదీ కనిపించకూడదు. తయారీ తర్వాత అన్న ఆ మాట గమనించండి. ఆచారి గారు కిటికీ దగ్గర నిలబడి తేల్చిందీ అదే.

నూలుపోగు ముద్ర కూడా పుట్టుకతో వచ్చిన లోపమే. దెబ్బకూ దెబ్బకూ మధ్య అచ్చును తుడుస్తారు. బిళ్ళను తుడుస్తారు. తుడిచే గుడ్డ నుంచో చేతి తొడుగు నుంచో ఒక పోగు రాలుతుంది. నూలుపోగు లావు 10 నుంచి 20 మైక్రాన్లు, గాలిలో తేలిపోయేంత తేలిక. అది అచ్చుకూ బిళ్ళకూ మధ్య ఇరుక్కుంటే, మెత్తటి దూదిపోగు కాస్తా వెండిలోకి దిగబడుతుంది. దూది వెండిని నొక్కగలదా అని సందేహం రావచ్చు. అంత ఒత్తిడిలో మెత్తదనానికి అర్థం లేదు. పోగు పక్కకు పోవడానికి చోటు లేదు, కనుక వెండే దారి ఇస్తుంది. తర్వాత పోగు ఎగిరిపోతుంది, దాని ముద్ర ఉండిపోతుంది. మంచి టంకశాలల్లో ప్రెస్సుల గదుల్లోకి వడపోసిన గాలి పంపడం, పోగు రాలని గుడ్డలు వాడటం ఇందుకే.

బిళ్ళను కడిగేటప్పుడు పుట్టే మచ్చ వీటన్నిటికన్నా దొంగది. కొన్న రోజున ఉండదు. నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత, గంజి చుక్క పడి ఆరినట్టు తెల్లగా, కాంతి లేకుండా బయటపడుతుంది. సేకర్తలు దీన్ని పాల మచ్చ అంటారు. బోరు నీళ్ళతో కడిగిన స్టీలు గ్లాసు తుడవకుండా ఆరబెడితే అడుగున తెల్లటి వలయం మిగులుతుంది కదా, పోలిక అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. వెండి రేకును సాగదీసి బిళ్ళలు కత్తిరించాక వెండి బిగుసుకుపోతుంది. దాన్ని కొలిమిలో కాచి మెత్తబరుస్తారు. అంతకుముందు కడిగిన ద్రావకం పూర్తిగా పోకుండా ఎక్కడో ఒక చుక్క ఆరి మిగిలితే, కొలిమి వేడికి అది వెండికి పట్టేస్తుంది. దానిలో క్లోరిన్ లవణాలుంటే వెండితో కలిసి తెల్లటి సిల్వర్ క్లోరైడ్ అవుతుందన్నది ఎక్కువమంది చెప్పే కారణం. ఆ తర్వాత దెబ్బ పడి పైన అద్దం వస్తుంది, అడుగున ఆ జాడ దాక్కుంటుంది. కొన్నవాడు లేత వేలితో కూడా ముట్టకపోయినా ఈ మచ్చ వస్తుంది. పెట్టెలో దాచి తెరవని నాణేనికి ఇది ఎలా వచ్చిందని చాలామంది తమను తామే నిందించుకుంటారు. అనవసరం. కెనడా రాజ టంకశాల ఈ మచ్చలతో ఏళ్ళ తరబడి అవస్థపడి, 2018లో తన వెండి మేపుల్ లీఫ్ నాణేలకు మచ్చలు పుట్టకుండా చేసే ఒక ఉపరితల ప్రక్రియను ప్రవేశపెట్టింది. పెద్ద టంకశాల బహిరంగంగా సమస్యను ఒప్పుకుని దాని మీద పని చేయడం నాకు గౌరవంగా కనిపించింది.

బంగారం తుప్పు పట్టదని పెద్దలు చెప్పింది నిజమే. అయినా 99.9 శాతం బంగారు నాణేల మీద ఎర్రటి, గోధుమ రంగు చుక్కలు వస్తుంటాయి. ఆ చుక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తే బంగారం కాక వెండి దొరికింది. వెండి పని జరిగిన యంత్రం నుంచో పరికరం నుంచో ఒక రేణువు బంగారం మీద అంటుకుని, దెబ్బకు అందులో కూరుకుపోతుంది. తర్వాత గాలిలోని గంధకం ఆ రేణువును పట్టి సల్ఫైడుగా మార్చి చుట్టూ పాకిస్తుంది. మన కంసాలులు బంగారం పనికీ వెండి పనికీ ఆకురాళ్ళు వేరుగా పెట్టుకోవడం తెలిసిన విషయమే. వాళ్ళు రజను కలిసిపోకుండా చూసుకునే జాగ్రత్త అది. టంకశాలకు అదే జాగ్రత్త మచ్చ రాకుండా కావాలి.

ఇక పెట్టె. నాణేనికి రక్షణ అనుకుని కొన్నదే నాణేన్ని తినేయడం నేను చాలాసార్లు చూశాను. మెత్తటి పీవీసీ కవర్లలో ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థాలుంటాయి. అవి కాలక్రమంలో బయటికొస్తాయి. పీవీసీ విడిపోతున్నకొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. రాగి కలిసిన నాణెమైతే ఆకుపచ్చటి జిగురు కనిపిస్తుంది. పెట్టెలో అంటించిన జిగురు, అట్ట, రంగు గుడ్డ, స్పాంజి వీటిలో దేన్లోనైనా గంధకం ఉండొచ్చు. నాణేల పొట్లానికి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టినవాళ్ళు కొన్నేళ్ళకు తీసి చూస్తే, బ్యాండు ఉన్న మేరకు నల్లటి చార కనిపిస్తుంది. రబ్బరును గట్టిపరచడానికి కలిపే గంధకం చేసిన పని అది.

వెండి మీద గంధకపు పొర పెరిగే తీరు చూడదగ్గది. సల్ఫైడు పొర పదుల నానోమీటర్ల మందం వచ్చేసరికి ముందు లేత పసుపు, తర్వాత గోధుమ, తర్వాత నీలం రంగులు కనిపిస్తాయి. రంగేమీ కలవలేదు. సబ్బు బుడగ మీద రంగులు తిరిగినట్టే, పొర పైనుంచి తిరిగొచ్చే కాంతీ అడుగు నుంచి తిరిగొచ్చే కాంతీ కలిసి కొన్ని రంగుల్ని చంపుతాయి, కొన్నిటిని నిలుపుతాయి. మామూలు వెండి గిన్నె మీద ఇంత పలుచని పొర ఎవరికీ తెలియదు. ప్రూఫ్ అద్దం మీద ఇట్టే తెలుస్తుంది.

పెట్టెలో వాడే సామగ్రి మంచిదా కాదా అని ముందే తెలుసుకునే దారి ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఆండ్రూ ఆడీ 1973లో చెప్పిన పరీక్ష అది. ఒక గాజు గొట్టంలో పరీక్షించాల్సిన గుడ్డ ముక్కనో అట్ట ముక్కనో వేసి, దానితో పాటు వెండి, రాగి, సీసం రేకులు ఒక్కొక్కటి వేలాడదీసి, కొన్ని చుక్కల నీళ్ళు ఉంచి బిగిస్తారు. 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచి తీస్తారు. రేకులు మారకపోతే ఆ సామగ్రిని ప్రదర్శనపేటికల్లో వాడొచ్చు. ఇంత సులువైన పరీక్ష వేల రూపాయల నాణేన్ని పెట్టే ప్రతి పెట్టెకూ జరగాలని నేను గట్టిగా నమ్ముతాను. విశాఖ, కాకినాడల ఉప్పుగాలిలో బతికే సేకర్తలకు అది మరింత అవసరం.

మరి ఇన్ని మచ్చలు పుట్టే వీలుంటే, బయటికి పంపేముందు టంకశాలలో చూసేవాళ్ళుండరా? ఉంటారు. లైటు కింద కూర్చుని ఒక్కొక్క నాణేన్నీ తిప్పి చూస్తారు. అక్కడే అసలు చిక్కుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర ముందు కూర్చున్న బ్రిటిష్ సైనికులు కొంతసేపటికి కళ్ళెదుట కనిపించే సంకేతాలనే వదిలేసేవారు. నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక గడియారం లాంటిది తయారుచేశాడు. ముల్లు ఒక్కో అడుగు వేస్తూ పోతుంది, ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది. ఆ దూకుడును పట్టుకోవడమే పని. మొదటి అరగంట గడిచేసరికే జనం దాన్ని వదిలేయడం పెరిగిందని 1948లో ప్రకటించాడు. అలసట సంగతి అలా ఉంచి, 2005లో జెరెమీ వోల్ఫ్, సహచరులు విమానాశ్రయాల్లో సామాను ఎక్స్‌రేలు చూసే పనిని పోలిన ప్రయోగం చేశారు. వెతికే వస్తువు సగం చిత్రాల్లో ఉన్నప్పుడు చూసేవాళ్ళు దాన్ని నూటికి 7 సార్లు వదిలేశారు. నూటికి ఒక్క చిత్రంలోనే ఉన్నప్పుడు, అదే మనుషులు 30 శాతం దాకా వదిలేశారు. అరుదైనదాన్ని కన్ను త్వరగా వదిలేస్తుంది. తొంభైతొమ్మిది సార్లు ఏమీ లేదని తేలాక, నూరోసారి కూడా ఏమీ లేదని మనసు ముందే తీర్పు చెప్పేస్తుంది.

దీన్ని టంకశాలకు తెచ్చి లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకు లక్ష నాణేల్లో నూటికి ఒకటి లోపంతో పుట్టిందనుకుందాం. అవి వెయ్యి. చూసేవాళ్ళు 30 శాతం వదిలేస్తే 300 మచ్చ నాణేలు పెట్టెల్లోకి వెళ్తాయి. తయారీ ఎంత మెరుగుపడితే లోపం అంత అరుదవుతుంది. అరుదైనకొద్దీ అది కన్నుగప్పడం సులువవుతుంది. బద్ధకస్తులు కూర్చోబట్టి మచ్చ నాణేలు వస్తున్నాయని కోపగించుకునేవాళ్ళకు ఈ లెక్క చెప్తుంటాను. శ్రద్ధగా చూసేవాళ్ళ కళ్ళూ ఇలాగే పనిచేస్తాయి. అందుకే విరామాలు, చేతులు మార్చడం, నడుమ నడుమ కావాలని మచ్చ నాణేలు కలిపి చూపించడం, కెమెరాల సాయం అవసరమవుతాయి.

చూసే కళ్ళను ఇలా దాటిపోయిన ఒక నాణెం సంగతి చెప్తాను. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల ప్రూఫ్ నాణేలకు ఎస్ అనే అక్షరం గుర్తు. 1990లో ఆ అక్షరం లేకుండా కొన్ని ప్రూఫ్ సెంట్లు బయటికి వెళ్ళిపోయాయి. ఫిలడెల్ఫియాలో ఆ అక్షరం లేని మామూలు నాణేలకు వాడాల్సిన అచ్చు పొరపాటున ప్రూఫ్ మెరుగు పెట్టించుకుని ప్రెస్సు ఎక్కడమే కారణం. అద్దం అద్దంలాగే ఉంది, బొమ్మ బొమ్మలాగే ఉంది. గీతల కోసం, చుక్కల కోసం వెతికే కళ్ళు, ఉండాల్సిన అక్షరం లేకపోవడాన్ని చూడలేదు. ఉన్న మచ్చను పట్టుకోవడం కన్నా లేనిదాన్ని పట్టుకోవడం కష్టం. ఇవాళ ఆ సెంటుకు సేకర్తలు వేల డాలర్లు ఇస్తారు.

మన హైదరాబాద్ టంకశాల గుర్తు అక్షరం కాదు, నక్షత్రం. తేదీ కింద ఐదు కోణాల చుక్క. నిజాం కాలంలో మొదలై, సైఫాబాద్‌లో చాలాకాలం నడిచి, 1997లో చేర్లపల్లికి మారిన టంకశాల అది. ఎన్టీఆర్ శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన వంద రూపాయల నాణెం అక్కడే తయారైంది. 44 మిల్లీమీటర్ల వ్యాసం, సగం వెండి, 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు. అభిమానంతో కొన్నవాళ్ళలో చాలామందికి సేకరణ నాణెం చేతిలోకి రావడం అదే మొదలు. వాళ్ళకోసం ఒక మాట చెప్పాలి.

మన ఇళ్ళలో వెండి నల్లబడితే విభూతి పెట్టి రుద్దుతాం, రాగి చెంబు నల్లబడితే చింతపండు పెట్టి తోముతాం. గిన్నెకూ చెంబుకూ అది సరే. సగం వెండి, సగానికి దగ్గరగా రాగి ఉన్న ఈ మిశ్రమంలో ఆ రెండూ పూర్తిగా కలిసిపోవు. లోపల వెండి ఎక్కువున్న రేణువులు, రాగి ఎక్కువున్న రేణువులు పక్కపక్కనే విడివిడిగా ఉంటాయి. గాలి తగిలితే ముందు రాగి రేణువులు రంగు మారతాయి. చింతపండు పులుపు రాగి ఆక్సైడును కరిగించి తీసుకుపోతుంది, పైన చుక్కలు చుక్కలుగా గరుకు మిగులుతుంది. విభూతి రేణువులు అద్దాన్ని గీస్తాయి. ఒక్కసారి చాలు. నల్లబడ్డ ప్రూఫ్ నాణెం ఇంకా ప్రూఫ్ నాణెమే. తోమిన ప్రూఫ్ నాణెం మెరిసే బిళ్ళ. పూజగదిలో అమ్మమ్మ శుక్రవారం వెండి సామాన్లతో పాటు తోమేసిన నాణేన్ని నేను చూశాను. ఆవిడ తప్పేమీ లేదు, ప్రేమగా చేసింది. ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది.

పెట్టె వచ్చిన రోజే చూసుకోవాలి. డొప్ప తెరవకుండా, ఒకే లైటు కింద, నెమ్మదిగా వంచుతూ చూడాలి. మచ్చ కనిపిస్తే అదే వెలుగులో ఫోటో తీసి, తిరిగి తీసుకునే గడువు దాటకముందే రాయాలి. రాసేటప్పుడు గీత ఉంది అని ఊరుకోకుండా, ఉబ్బా గుంటా, బొమ్మ మీదికి ఎక్కిందా ఆగిందా, గట్టు ఉందా లేదా రాయాలి. అవతల చదివేవాళ్ళకు మచ్చ పుట్టిన వేళ అర్థమవుతుంది, మాటకు బలం వస్తుంది. డొప్ప తెరిచి తుడిస్తే ఆ బలం పోతుంది.

నా నాణేన్ని తిరిగి పంపలేదు. గడువు ఉన్నా పంపబుద్ధి కాలేదు. తెలిసిన లెక్చరర్ ఒకాయన ఇంజనీరింగ్ కాలేజీ లోహశాస్త్ర ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని చూపిస్తానంటే తీసుకెళ్ళాను. అక్కడ మాత్రం డొప్ప తెరవక తప్పలేదు. తొడుగు వేసుకుని, అంచులు పట్టుకుని, నాణేన్ని దాని కింద పెట్టాను. వంద రెట్లు పెద్దదిగా చూస్తే ఆ గీత గీతలా లేదు. పలుచని రిబ్బను మెలి తిరిగినట్టుంది, మెలి మెలికీ సన్నబడి మళ్ళీ వెడల్పవుతోంది. పాలిస్టర్ పోగు నున్నటి తీగలా ఉంటుంది, దానికి మెలికలుండవు. పత్తి పోగు ఎండినప్పుడు లోపల గుల్ల పడి, చదునై, తనంతట తానే మెలి తిరుగుతుంది. ఇది పత్తి. ఎక్కడో ఏదో చేలో పండిన పత్తి, ఎవరిదో చేతి తొడుగులోంచో తుడిచే గుడ్డలోంచో రాలింది. మొదటి దెబ్బకే అక్కడ ఉండి తర్వాత ఎగిరిపోయుంటే, రెండో దెబ్బ ఆ గుంటను సగం పూడ్చేసి మెలికల్ని చెరిపేసేది. మెలికలు చెక్కుచెదరలేదు. చివరి దెబ్బ పడేటప్పుడు అది అక్కడే ఉంది.